మెక్‌డోవెల్ కౌంటీలో మధ్యగత గృహ ఆదాయాన్ని ఏళ్ల వెంబడి ఎలా అంచనా వేయాలి?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో మెక్‌డోవెల్ అనే గ్రామీణ కౌంటీ (మన జిల్లా వంటి పాలనా విభాగం) ఉంది, అది బొగ్గు గనుల ప్రాంతం. 1990 నుంచి అక్కడి మధ్యగత గృహ ఆదాయం ఏటేటా ఎలా మారిందో చూపే పట్టిక మీకు కావాలి. గృహాలను ఆదాయ క్రమంలో పేరిస్తే సరిగ్గా మధ్యలో నిలిచే గృహపు ఆదాయమే మధ్యగతం. ఆర్థిక గణాంకాలు చూపే ఫ్రెడ్ వెబ్‌సైట్‌లో దొరికిన వరుసకూ, అమెరికా జనగణన సంస్థ సెన్సస్ బ్యూరో వారి ఐదేళ్ల అంచనాలకూ పొంతన కుదరడం లేదు కాబట్టి, రెండింటిలో ఏది సరైనదని అడుగుతున్నారు. ఇదే పద్ధతిని తెలంగాణలోని ఒక జిల్లాకు వాడవచ్చా అన్నది మీ రెండో ప్రశ్న.

రెండు వరుసలూ సరైనవే, కానీ అవి కొలిచేది ఒకే అంశాన్ని కాదు. అసలు సంగతి ఏమిటంటే, ఇంత చిన్న కౌంటీకి ఏటేటా నేరుగా కొలిచి ప్రచురించిన మధ్యగత ఆదాయం అనేదే లేదు. నమ్మదగిన కొలతలు ముప్పై ఏళ్లలో ఐదారు మాత్రమే ఉన్నాయి, వాటి మధ్యలో కనిపించేదంతా గణాంక నమూనా నింపినదే. ఈ తేడాను గుర్తుపెట్టుకుని పట్టిక తయారు చేస్తే మీ పని నిలబడుతుంది. లేకపోతే ఎంత అందమైన గ్రాఫ్ గీసినా దానిలోని ఎగుడుదిగుళ్లు కౌంటీవి కావు, కొలిచే పరికరాలవి అవుతాయి.

కొలతలు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. 2000 వరకు పదేళ్లకోసారి జరిగే జనగణనలో కొన్ని ఇళ్లకు పొడవైన ప్రశ్నపత్రం ఇచ్చేవారు. ఆదాయం గురించి అడిగింది అందులోనే. దేశం మొత్తం మీద సుమారు ఆరు ఇళ్లకు ఒకటి చొప్పున ఆ పత్రం అందేది, చాలా చిన్న పాలనా ప్రాంతాల్లో మాత్రం రెండిళ్లకు ఒకటి చొప్పున కూడా ఇచ్చారు. అందువల్ల గ్రామీణ కౌంటీలకు ఆ అంచనాలు చాలా గట్టివి. అయితే ప్రశ్న అడిగింది అంతకు ముందు క్యాలెండర్ సంవత్సరపు ఆదాయం గురించి. 1990 జనగణనలో కనిపించేది 1989 ఆదాయం, 2000 జనగణనలో కనిపించేది 1999 ఆదాయం. మీ పట్టికలో వీటిని 1990, 2000 అడ్డు వరుసల్లో వేసుకున్నట్టున్నారు, ముందు అది సరిచేయండి.

2010 జనగణన నాటికి పొడవైన ప్రశ్నపత్రం లేదు. దాని స్థానంలో అమెరికన్ కమ్యూనిటీ సర్వే వచ్చింది, అది 2005 నుంచి పూర్తి స్థాయిలో ఏడాది పొడవునా సాగుతోంది. దేశమంతటా ఇప్పుడు ఏడాదికి సుమారు 35 లక్షల చిరునామాలకు ఈ సర్వే వెళ్తుంది. ఆ సంఖ్య పెద్దదే అయినా మెక్‌డోవెల్ వంటి కౌంటీ వాటాకు వచ్చేవి కొన్ని వందలు మాత్రమే. అందుకే 65,000 జనాభాకు తగ్గని ప్రాంతాలకే ఒక్క ఏడాది అంచనాలు ప్రచురిస్తారు, అమెరికాలోని మూడు వేల పైచిలుకు కౌంటీల్లో సుమారు నాలుగో వంతు మాత్రమే ఆ గీత దాటుతాయి. మిగిలినవాటికి ఐదేళ్ల సమాధానాలను కలిపి ఒక అంచనా ఇస్తారు. అలాంటి మొదటి అంచనా, అంటే 2005–2009 కాలానిది, 2010 డిసెంబరులో వెలువడింది.

ఈ ఐదేళ్ల అంచనాలు ఏటా విడుదలవుతాయి కాబట్టి అవి ఏటేటా మారే వరుసలాగా కనిపిస్తాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. 2006–2010 అంచనాలోనూ 2007–2011 అంచనాలోనూ నాలుగేళ్ల సమాధానాలు ఒకటే. రెండింటికీ తేడా వస్తే అది 2006ను తీసేసి 2011ను చేర్చినందువల్ల వచ్చినది. పైగా ప్రతి అంచనానూ ఆ ఐదేళ్లలో చివరి ఏడాది డాలర్లలోకి మార్చి ఇస్తారు కాబట్టి, వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ధరల పెరుగుదల కూడా ఆదాయపు పెరుగుదలగా కనిపిస్తుంది. ఒకదానిపై ఒకటి పడని కాలాలను మాత్రమే పోల్చండి: 2006–2010, 2011–2015, 2016–2020, ఆ తర్వాత, అది వెలువడ్డాక, 2021–2025. గ్రాఫ్‌లో వీటిని చుక్కలుగా పెట్టకుండా ఐదేళ్ల పొడవున్న అడ్డగీతలుగా గీస్తే, చదివేవారికి అది ఒక కాలపు అంచనా అని చెప్పకుండానే తెలుస్తుంది. 2016–2020 విషయంలో ఒక జాగ్రత్త అవసరం. కోవిడ్ కారణంగా 2020లో సర్వే దెబ్బతిన్నది, స్పందించినవారిలో ఆదాయం ఎక్కువ ఉన్నవారి పాలు పెరిగింది. అందువల్లే ఆ ఏడాది ఒక్కదాని అంచనాలను ప్రయోగాత్మకమని ముద్ర వేసి విడుదల చేశారు. ఐదేళ్ల అంచనా కూడా వెయిట్లను, అంటే ఒక్కో సమాధానానికి ఇచ్చే బరువును, సవరించాక ఆలస్యంగా 2022 మార్చిలో వచ్చింది.

ఇప్పుడు ఫ్రెడ్ వరుస సంగతి. అది సేపీ అని పిలిచే కార్యక్రమానిది. చిన్న ప్రాంతాల ఆదాయం, పేదరికం అంచనాల కోసం సెన్సస్ బ్యూరో దాన్ని నడుపుతుంది, ఫ్రెడ్ దాన్ని తెచ్చి చూపుతుంది. దీని వెనుక ఉన్న గణితం 1979లో రాబర్ట్ ఫే, రోజర్ హెరియట్ ప్రచురించిన పద్ధతి. వారు ఆ పని చేసింది వెయ్యి మందికన్నా తక్కువ జనాభా ఉన్న ఊళ్ల తలసరి ఆదాయాన్ని అంచనా వేయడానికే, కాబట్టి మీ సమస్య ఈ పద్ధతికి పుట్టినిల్లు. సర్వే నుంచి నేరుగా వచ్చిన అంచనా ఒకటి, ఇతర రికార్డుల ఆధారంగా రిగ్రెషన్ (వాటికీ ఆదాయానికీ ఉన్న సంబంధాన్ని లెక్కగట్టే సమీకరణం) చెప్పే అంచనా ఇంకొకటి ఉంటాయి. నేరు అంచనాలో దోషం ఎంత ఎక్కువైతే దానికి అంత తక్కువ బరువు ఇచ్చి, మిగతా బరువును రిగ్రెషన్‌కు ఇస్తారు. ఆ రికార్డుల్లో ముఖ్యమైనవి ఫెడరల్ ఆదాయపు పన్ను రిటర్నులు, ఆర్థిక విశ్లేషణ బ్యూరో కౌంటీ లెక్కలు, వెనకటి సెన్సస్ అంచనాలు. కౌంటీ చిన్నదవుతున్న కొద్దీ సర్వే గొంతు తగ్గి, మోడల్ గొంతు పెరుగుతుంది.

దీనివల్ల మీ పనికి మూడు పర్యవసానాలు ఉన్నాయి. సేపీ వరుస నునుపుగా ఉంటుంది కాబట్టి, ఒక గని మూతపడిన ఏడాది కౌంటీలో పడిన దెబ్బ అందులో పూర్తి లోతుతో కనిపించకపోవచ్చు. పన్ను రిటర్ను దాఖలు చేయవలసిన అవసరం లేని వృద్ధులు, వికలాంగ భత్యంపై బతికేవారు ఎక్కువగా ఉన్న కౌంటీలో పన్ను రికార్డులు సగం కథే చెబుతాయి. మూడోది పరిశోధకులకు మరీ ముఖ్యం: సేపీ అంచనాను ఫలితంగా పెట్టుకుని, దాని తయారీలో వాడిన రికార్డులనే కారణాలుగా పెట్టి రిగ్రెషన్ చేస్తే, మీరు కనుగొనేది సెన్సస్ బ్యూరో వారి సమీకరణాన్నే. మంచి సిద్ధాంత వ్యాసాల్లో కూడా నేను ఈ పొరపాటు చూశాను.

వరుసలో ఒక అతుకు కూడా ఉంది. 1989, 1993, 1995 సంవత్సరాలకు విడివిడిగా అంచనాలు ఉన్నాయి. 1997 నుంచి అవి ఏటా వస్తున్నాయి. 2004 వరకు నేరు అంచనా కరెంట్ పాపులేషన్ సర్వే అనే మరో సర్వే నుంచి, మూడేళ్ల సగటుతో వచ్చేది. 2005 నుంచి అమెరికన్ కమ్యూనిటీ సర్వే ఒక్క ఏడాది సమాచారం నుంచి వస్తోంది. రెండు సర్వేల్లోనూ ప్రశ్నలు, అడిగే తీరు, అడిగే కాలం వేరు. అందుచేత 2004కూ 2005కూ మధ్య గీత కలపకండి. ఆ రెండేళ్ల మధ్య కనిపించే పెరుగుదలను గానీ తగ్గుదలను గానీ నేనైతే ఒక్క వాక్యంలో కూడా వ్యాఖ్యానించను. ఇంకొక మాట, ఫ్రెడ్‌లో ఉన్నవి ఏ ఏడాదికాయేడు నడుస్తున్న డాలర్లు, వాటిలో ద్రవ్యోల్బణం తీసివేయలేదు. ఐదేళ్ల అంచనాలతో పొంతన కుదరకపోవడానికి ఇది ఒక్కటే చాలు.

ఇక ధరల సవరణ. నగర వినియోగదారుల ధరల సూచీ వార్షిక సగటు 1989లో 124.0, 1999లో 166.6, 2010లో 218.056, 2015లో 237.017, 2020లో 258.811. అంటే 2020 డాలర్లలోకి మార్చాలంటే 1989 అంకెను 2.087తో, 1999 అంకెను 1.553తో, 2010 అంకెను 1.187తో, 2015 అంకెను 1.092తో గుణించాలి. మీరు 1989 కంటే వెనక్కి, 1979 వరకు వెళ్లదలిస్తే ఈ సూచీ కాకుండా, దాన్నే నేటి పద్ధతితో వెనక్కి తిరగరాసిన పరిశోధక వరుసను వాడండి. ఎందుకంటే 1983కు ముందు సొంతింటి ఖర్చును లెక్కగట్టిన తీరు గృహరుణ వడ్డీల వల్ల ద్రవ్యోల్బణాన్ని ఎక్కువ చేసి చూపింది. సెన్సస్ బ్యూరో కమ్యూనిటీ సర్వేలో వాడిందీ ఆ పరిశోధక వరుసనే. ఇక్కడ తెలుగు పాఠకులకు ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటి చెప్పాలి. మన దేశంలో గ్రామీణ ధరల సూచీ, వ్యవసాయ కూలీల ధరల సూచీ వేరుగా ఉన్నాయి, అమెరికాలో గ్రామీణ సూచీ అంటూ లేదు. కొండల మధ్య బొగ్గు కౌంటీలో గత ముప్పై ఏళ్ల ధరలను నగర సూచీతోనే కొలవాల్సి వస్తోంది. రాష్ట్రాల నగరేతర ప్రాంతాలకు ప్రాంతీయ ధరల సమతా సూచీలు 2008 నుంచి ఉన్నాయి గానీ అవి ఒక ఏడాదిలో ప్రాంతాల మధ్య తేడాను చెప్పడానికి ఉద్దేశించినవి, కాలంలో మార్పును చెప్పడానికి కావు.

ఇప్పుడు మీ కౌంటీ అంకెలు తీసుకుందాం. 1999లో మెక్‌డోవెల్ మధ్యగత గృహ ఆదాయం 16,931 డాలర్లు. 2006–2010 అంచనా 22,154 డాలర్లు. చూడగానే మూడో వంతుకు దగ్గరగా పెరిగినట్టు అనిపిస్తుంది. కానీ 1999 అంకెను 2010 డాలర్లలోకి మార్చండి: సుమారు 22,160 వస్తుంది. అంటే దశాబ్ద కాలంలో నిజ ఆదాయం, అంటే ధరల పెరుగుదల తీసేసిన ఆదాయం, ఉన్నచోటే ఉంది. ఇదే కాలానికి దేశం మొత్తం అంకెలు 41,994, 51,914. మొదటిదాన్ని 2010 డాలర్లలోకి మారిస్తే 55,000కు కొద్దిగా తక్కువ, కాబట్టి దేశపు నిజ ఆదాయం తగ్గింది. ఫలితంగా దేశ మధ్యగతంతో పోలిస్తే మెక్‌డోవెల్ 40 శాతం నుంచి 43 శాతానికి దగ్గరగా చేరింది. ఎవరైనా "కౌంటీ దేశాన్ని అందుకుంటోంది" అని రాస్తే ఈ నిష్పత్తి వారికి సాక్ష్యంగా పనికొస్తుంది, కానీ ఆ వాక్యం కౌంటీ గురించి తప్పుడు అభిప్రాయం కలిగిస్తుంది. అక్కడివారు ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు, దేశం వెనక్కి జరిగింది. నిష్పత్తిని ఇచ్చిన ప్రతిచోటా రెండు నిజ ఆదాయాలనూ ఇవ్వమని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

అయితే ఆ సమానత్వం కూడా కచ్చితమైనది కాదు. రెండు అంకెలకూ దోష పరిమితులు, అంటే అంచనా ఎంత అటూ ఇటూ ఉండవచ్చో చెప్పే అంకెలు, ఉన్నాయి. కమ్యూనిటీ సర్వే ఇచ్చే దోష పరిమితి 90 శాతం విశ్వాస స్థాయిది, దాన్ని 1.645తో భాగిస్తే ప్రామాణిక దోషం వస్తుంది. రెండు అంచనాల మధ్య తేడాను పరీక్షించడానికి రెండు ప్రామాణిక దోషాల వర్గాలను కూడి, వర్గమూలం తీసి, దానితో తేడాను భాగించాలి. ఊహకు ఒక లెక్క చేద్దాం. ఒక కౌంటీకి ఒక కాలంలో 30,000 డాలర్లు, దోష పరిమితి 3,000. తర్వాతి కాలంలో, ధరలు సవరించాక, 33,000 డాలర్లు, దోష పరిమితి 3,500 అనుకోండి. ప్రామాణిక దోషాలు సుమారు 1,824, 2,128, తేడాకు ప్రామాణిక దోషం సుమారు 2,802, భాగఫలం 1.07. అది 1.645 దాటలేదు కాబట్టి, పది శాతం పెరుగుదలగా కనిపించినదాన్ని కూడా సర్వేకు ఎంపికైన ఇళ్లలోని యాదృచ్ఛికత నుంచి వేరు చేసి చెప్పలేము. చిన్న కౌంటీల విషయంలో ఇది అరుదైన పరిస్థితి కాదు, రోజువారీ పరిస్థితే. మీ పట్టికలో ప్రతి అంకె పక్కనా దోష పరిమితికి ఒక నిలువు వరుస ఉండాలి.

నిర్వచనాల దగ్గర రెండు చిక్కులున్నాయి. ఒకే ఇంట్లో ఉంటున్నవారందరి ఆదాయం గృహ ఆదాయం. అందులో ఒంటరిగా బతికేవారు కూడా ఒక గృహమే. రక్తసంబంధం, వివాహం, దత్తత ద్వారా కలిసి ఉన్నవారిదే కుటుంబ ఆదాయం. 1999లో మెక్‌డోవెల్ కుటుంబ ఆదాయ మధ్యగతం 20,496 డాలర్లు, అంటే గృహ ఆదాయం కన్నా మూడున్నర వేలు ఎక్కువ. ఒక దశాబ్దానికి ఒకటి, ఇంకో దశాబ్దానికి రెండోది తీసుకుంటే ఎంత మార్పు కావాలంటే అంత వస్తుంది. రెండో చిక్కు జైలుది. కౌంటీలో ఫెడరల్ జైలు ఉంది. ఖైదీలు జనాభాలో లెక్కకు వస్తారు, తలసరి ఆదాయాన్ని కిందికి లాగుతారు, కానీ గృహాల్లో ఉండరు కాబట్టి మధ్యగత గృహ ఆదాయాన్ని ముట్టుకోరు. తలసరి అంకెలనూ గృహ అంకెలనూ పక్కన పెట్టి పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

నా దృష్టిలో మీ ప్రశ్నలో అన్నిటికన్నా లోతైన విషయం వేరే ఉంది: ఆ మధ్యగతం ఎవరిది? 1950లో మెక్‌డోవెల్ జనాభా 98,887. గనుల్లో యంత్రాలు వచ్చాక, ఆ తర్వాత ఉక్కు పరిశ్రమ దెబ్బతిన్నాక జనం తరలిపోతూనే ఉన్నారు. 2000లో 27,329, 2010లో 22,113, 2020లో 19,111 మంది మిగిలారు. మీరు పోల్చే రెండు కాలాల మధ్య దాదాపు ఐదో వంతు మనుషులు లేరు. ఐదు గృహాలున్న ఊరు తీసుకోండి, ఆదాయాలు వేలల్లో 12, 18, 22, 40, 60. మధ్యగతం 22. పని దొరకక పై రెండు గృహాలు వలసపోతే మధ్యగతం 18కి పడుతుంది. అలా కాక, కింది రెండు గృహాల్లోని వృద్ధులు కాలం చేస్తే మధ్యగతం 40కి లేస్తుంది. రెండు సందర్భాల్లోనూ మిగిలినవారి ఆదాయంలో ఒక్క డాలరు కూడా మారలేదు. జనం ఖాళీ అవుతున్న కౌంటీలో మధ్యగతపు మార్పును "ప్రజల ఆదాయం పెరిగింది, తగ్గింది" అని రాసే ముందు ఈ సంగతిని పరీక్షించి తీరాలి.

పరీక్షించడానికి దారులు ఉన్నాయి. కమ్యూనిటీ సర్వేలో బి19049 పట్టిక గృహ యజమాని వయసును బట్టి మధ్యగతాలు ఇస్తుంది. బి19055 పట్టిక ఎన్ని గృహాలకు సోషల్ సెక్యూరిటీ వస్తోందో చెబుతుంది. సోషల్ సెక్యూరిటీ చెల్లింపులు 1975 నుంచి ధరలతో పాటు తమంత తాముగా పెరుగుతున్నాయి. మధ్యలో నిలిచిన గృహం ప్రధానంగా ఆ పింఛనుపై బతికేదైతే, ధరలు సవరించిన మధ్యగతం కదలకుండా ఉండటం సహజమే. దానికి స్థానిక ఆర్థిక వ్యవస్థ గురించి చెప్పే శక్తి పెద్దగా ఉండదు. పైన చూసిన కదలని దశాబ్దానికి ఇది కారణమా కాదా అన్నది మీరు వయసు వారీగా చూసి తేల్చవలసిన విషయం. వలసల కోసం ఆదాయపు పన్ను శాఖ ప్రచురించే కౌంటీ నుంచి కౌంటీకి వలస లెక్కలు చూడండి. ఎన్ని రిటర్నులు వెళ్లాయో, ఎన్ని వచ్చాయో, వాటిలో ఆదాయం ఎంతో అందులో ఉంటుంది, మరీ చిన్న ప్రవాహాలను మాత్రం గోప్యత కోసం విడిగా చూపరు.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ నార్త్ డకోటాలోని మెకెంజీ కౌంటీ. చమురు వల్ల అక్కడి జనాభా 2010లో 6,360 నుంచి 2020లో 14,704కు పెరిగింది. అలాంటిచోట ఐదేళ్ల అంచనా పెరుగుదలకు ముందునూ తర్వాతనూ కలిపేసి, ఏ ఒక్క ఏడాదికీ చెందని అంకె ఇస్తుంది. అక్కడైతే సేపీ వైపే నేను ఎక్కువ మొగ్గుతాను. మెక్‌డోవెల్‌లో మార్పు నెమ్మదైనది కాబట్టి ఐదేళ్ల అంచనాలే వెన్నెముకగా పెట్టుకుని, 2005 తర్వాతి సేపీని దాని విశ్వాస అంతరంతో సహా పలుచని నేపథ్యంగా మాత్రమే చూపుతాను.

రెండు మూడు కౌంటీలను కలపవలసి వస్తే మధ్యగతాలను కూడి భాగించకండి, జనాభా బరువులు వేసినా అది తప్పే. బి19001 పట్టికలో 16 ఆదాయ శ్రేణులు ఉంటాయి. కౌంటీల గృహాల సంఖ్యను శ్రేణి వారీగా కూడి, సగం గృహాలు ఏ శ్రేణిలో పడతాయో చూసి, ఆ శ్రేణి లోపల అంతర్వేశనం చేయండి, అంటే మధ్య గృహం ఎంత దూరంలో పడుతుందో నిష్పత్తి ప్రకారం లెక్కించండి.

మీ రెండో ప్రశ్నకు సమాధానం నిరాశ కలిగించవచ్చు. మన జనగణనలో ఆదాయం ప్రశ్నే లేదు. తెలంగాణ ప్రభుత్వం జిల్లాలకు ప్రచురించే తలసరి ఆదాయం ఆ జిల్లాలో జరిగిన ఉత్పత్తిని జనాభాతో భాగించి తెచ్చిన సగటు, అది మధ్యగతమూ కాదు, అక్కడ నివసించేవారి చేతికి వచ్చిన ఆదాయమూ కాదు. రంగారెడ్డి జిల్లా ఆ జాబితాలో మొదట నిలవడానికి ఐటీ కంపెనీల ఉత్పత్తి ప్రధాన కారణం, ఆ అంకె నుంచి షాబాద్ మండలంలోని రైతు కుటుంబం గురించి ఏమీ తెలియదు. 2011 సామాజిక ఆర్థిక కులగణనలో గ్రామీణ కుటుంబాల్లో ఎక్కువ సంపాదించే సభ్యుడి నెల ఆదాయం 5,000 రూపాయల లోపా, 5,000 నుంచి 10,000 మధ్యా, ఆపైనా అని మాత్రమే నమోదు చేశారు. 2022–23, 2023–24 గృహ వినియోగ వ్యయ సర్వేలు ఆదాయాన్ని కాక ఖర్చును కొలిచాయి. మీకు జిల్లా స్థాయి మధ్యగతమే కావాలంటే ఆదాయానికి బదులు నెలసరి తలసరి ఖర్చును తీసుకుని, ఆ సర్వేల యూనిట్ స్థాయి సమాచారం నుంచి జిల్లా నేరు అంచనాలు, వాటి దోషాలు లెక్కించి, ఉపాధి హామీ పనిదినాలు, విద్యుత్ వాడకం వంటి జిల్లా రికార్డులతో ఫే–హెరియట్ నమూనా కట్టాలి. తెలంగాణలోని 33 జిల్లాలతో మాత్రమే నమూనా కడితే రిగ్రెషన్‌కు బలం చాలదు, కాబట్టి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర జిల్లాలను కూడా చేర్చుకుని మొదలుపెట్టండి.